దొంగల ముఠా పుట్టింది జైల్లోనే.. ఎవరీ జాన్ డిల్లింజర్? సినిమాలో చూపించని తొమ్మిదేళ్ల కథ ఇదీ!

జానీ డెప్ నటించిన ‘పబ్లిక్ ఎనిమీస్’ చూశారా? మైఖేల్ మాన్ 2009లో తీసిన ఈ సినిమా జైలు నుంచి ఖైదీలను తప్పించే సీన్‌తో మొదలవుతుంది. సీన్ అదిరిపోతుంది కానీ, నిజానికి ఆ రోజు డిల్లింజర్ అక్కడ లేనే లేడు. ఒహాయోలో పోలీసుల అదుపులో ఉన్నాడు. అంతకు ముందే జైల్లోకి తుపాకులు పంపే ఏర్పాటు మాత్రం చేసేశాడు. ఇంతకీ లోపలున్న ఆ ఖైదీలు అతనికి ఏమవుతారు? సినిమా వదిలేసింది అదే.

1903లో ఇండియానాపోలిస్‌లో పుట్టాడు డిల్లింజర్. నాలుగేళ్లు నిండకముందే తల్లి పోయింది. నాన్నది కిరాణా కొట్టు. కుర్రాడు నేవీలో చేరి, అక్కడ ఇమడలేక పారిపోయి వచ్చాడు. 1924లో మరొకడితో కలిసి ఓ కిరాణా వ్యాపారిని కొట్టి డబ్బు లాక్కోబోయాడు. దొరికిపోయాడు. తప్పు ఒప్పుకుంటే శిక్ష తగ్గుతుందని నమ్మిన తండ్రి, కొడుక్కి అదే చెప్పాడు. లాయర్ కూడా లేడు. పడింది 10 నుంచి 20 ఏళ్ల శిక్ష! లాయర్‌ని పెట్టుకున్న రెండోవాడు రెండేళ్లు కూడా తిరక్కుండానే బయటకొచ్చాడు.

డిల్లింజర్ మాత్రం దాదాపు తొమ్మిదేళ్లు లోపలే ఉన్నాడు. ఈలోగా భార్య విడాకులు తీసుకుంది. హ్యారీ పియర్‌పాంట్ లాంటి బ్యాంకు దొంగలు దోస్తులయ్యారు. 1933 మేలో పెరోల్‌పై ఇంటికొచ్చేసరికి సవతి తల్లి కన్నుమూసింది. కొన్ని వారాలకే మొదటి బ్యాంకు! సెప్టెంబరులో అతను పంపిన తుపాకులతో 10 మంది ఖైదీలు తప్పించుకున్నారు. వాళ్లే అతని ముఠా. అక్టోబరులో వాళ్లు లైమా జైలుకొచ్చి, షెరీఫ్ జెస్ సార్బర్‌ను చంపి మరీ డిల్లింజర్‌ను తీసుకెళ్లారు.

అప్పట్లో ఆర్థిక మాంద్యంతో బ్యాంకులు మూతపడి జనం డబ్బులు పోయాయి. దాంతో ఆ బ్యాంకుల్నే దోచుకునేవాడు చాలామందికి హీరో అయిపోయాడు. కానీ ఎఫ్‌బీఐ లెక్క ప్రకారం ఏడాది కూడా తిరక్కుండా ఈ ముఠా చేతిలో 10 మంది చనిపోయారు. వాళ్ల ఇళ్ల గురించి ఆ అభిమానులు ఆలోచించారా అంటే అనుమానమే.

1934 మార్చిలో క్రౌన్ పాయింట్ జైలు నుంచి చెక్క తుపాకీతో బెదిరించి పారిపోయానని డిల్లింజర్ చెప్పుకున్నాడు. వెళ్తూ వెళ్తూ షెరీఫ్ కారే ఎత్తుకెళ్లాడు! అక్కడే తప్పు చేశాడు. దొంగిలించిన కారుతో రాష్ట్రం దాటడం ఫెడరల్ నేరం. దాంతో ఇప్పుడు ఎఫ్‌బీఐగా పిలుస్తున్న సంస్థ నేరుగా రంగంలోకి దిగింది. ముఖానికి సర్జరీ చేయించుకున్నా లాభం లేకపోయింది.

జులై 22 రాత్రి. చికాగో బయోగ్రాఫ్ థియేటర్‌లో గ్యాంగ్‌స్టర్ సినిమా చూసి బయటకొచ్చిన డిల్లింజర్‌ను ఏజెంట్లు కాల్చేశారు. వయసు 31. ఆచూకీ చెప్పింది అతని పక్కనే ఉన్న అనా సేజ్. దేశం నుంచి పంపేయకుండా కాపాడతారన్న ఆశతోనే ఆమె ఈ పని చేసింది. అయినా 1936లో ఆమెను రొమేనియాకు పంపించేశారు.

కొడుకు శవాన్ని ఎవరైనా తవ్వుకుపోతారేమోనని తండ్రి భయపడ్డాడు. ఇండియానాపోలిస్‌ శ్మశానంలోని ఆ సమాధిపై కాంక్రీట్ పోయించాడు. పైనున్న రాయిని మాత్రం జనం ముక్కలు ముక్కలుగా చెక్కుకుపోయారు. చాలాసార్లు మార్చాల్సి వచ్చింది.