సవరల బడి పంతులు

పర్లాకిమిడి చుట్టుపట్ల కొండలలో సవరలు నివసిస్తారు. పందొమ్మిదవ శతాబ్ది చివర వారి భాషకు లిపి లేదు. వారి బిడ్డలకు తమ మాటలతో చదువు చెప్పే బడి లేదు. ఆ లోటును చూచి ఊరకుండలేకపోయినవారు గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం చెంత పర్వతాలపేటలో ఆయన జన్మించారు. చిన్ననాడే తండ్రిని కోల్పోయారు. మెట్రిక్యులేషన్ ముగియగానే, 1880లో, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులైనారు. కళాశాలకు వెళ్లే యోగం లేక, ఉద్యోగం చేసుకుంటూనే పట్టం సంపాదించారు. ముఖలింగ దేవాలయ శాసనాలను స్వయంకృషితో చదువ నేర్చారు.

తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట ఉంచుకుని సవర భాష అభ్యసించారు. తెలుగు లిపిలో వాచకాలు వ్రాసి, సొంత ధనంతో సవర బిడ్డలకు బడులు నడిపించారు. కొండలలో తిరిగినందుకు మలేరియా సోకింది. క్వినైను వాడకం వల్ల వినికిడి పోయింది. పలుకులు వినడమే పనిగా పెట్టుకున్న పండితునికి అంతకు మించిన నష్టమేమున్నది? అయినా ఆ కృషి ఆగలేదు. మద్రాసు ప్రభుత్వం పారితోషికమిస్తామంటే నిరాకరించి, ఆ ధనంతో సవరలకు బడి పెట్టుమని కోరారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వెలువడినవి.

సవరల బడిలో తెలిసిన సత్యమే ఆయనకు తెలుగు బడిలోనూ గోచరించింది. పిల్లలు ఇంట ఒక భాష మాట్లాడుతూ, బడిలో ఎవరూ పలుకని గ్రాంథికాన్ని వల్లెవేస్తున్నారు. ఏండ్ల తరబడి చదివినా సొంత భావాన్ని నాలుగు వాక్యాలలో వ్రాయలేకున్నారు. పాఠశాలల పరీక్షాధికారి యేట్సు దొర ఈ బోధనా విధానాన్ని ప్రశ్నించినప్పుడు పంతులుగారి ఆలోచన ఉద్యమరూపం దాల్చింది. జయంతి రామయ్య పంతులుగారి వంటి ఉద్దండులు ఎదిరించారు. పాఠ్యగ్రంథాలలో వ్యవహార భాషకు వెంటనే చోటు దక్కలేదు. పంతులుగారు 1919లో ‘తెలుగు’ పత్రిక స్థాపించి పోరాటం సాగించారు.

1936లో పర్లాకిమిడి ఒరిస్సా రాష్ట్రంలో చేరగా, దాదాపు జీవితమంతా గడిపిన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరుకున్నారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. నేడు ఆయన జన్మదినాన్ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నారు.

బడి పెట్టినంత మాత్రాన సంఘానికి మేలు కలుగదని ఆయన జీవితం తెలుపుతుంది. పిల్లవాని నోటిమాటను చిన్నచూపు చూచే బడి కొద్దిమంది పండితులను తయారుచేయవచ్చును. తక్కినవారిని చదువుకు దూరం చేస్తుంది. శిష్యులకు పాఠం చెప్పబోయే ముందు వారి భాష తాను నేర్చుకున్న గురువు ఆయన. వేసవి సెలవుల అనంతరం కొత్త తరగతిలో అడుగిడే ప్రతి ఉపాధ్యాయుడూ తలచుకోదగిన మాట అది.