నీటిరంగులలో స్వదేశి: అవనీంద్రనాథ ఠాకూరు

స్వదేశి యనగా పరదేశమువైపు తలుపులన్నియు మూసికొనుటయా, లేక మన యింటి దీపమును మనమే వెలిగించుకొనుటయా? ఈ ప్రశ్న నూలుబట్టలకు మాత్రమే సంబంధించినది కాదు. చిత్రకళయందు దీనికి కుంచెతో సమాధానము చెప్పిన మహనీయుడు అవనీంద్రనాథ ఠాకూరు.

ఆయన 1871 ఆగస్టు 7వ తేదీన కలకత్తా నగరమున జొడాసాంకోలోని ఠాకూరుల గృహమున జన్మించెను. రవీంద్ర కవీంద్రునకు అన్నకొడుకు వరుస. ఆ దినములలో చిత్రలేఖనము నేర్వగోరిన విద్యావంతులకు ఐరోపా పద్ధతియే శరణ్యము. అవనీంద్రుడును ఇటలీ దేశీయుడగు గిలార్డీ యొద్దను, ఆంగ్లేయుడగు పామరు యొద్దను శిక్షణ పొంది, తైలవర్ణములను సాధించెను. చేయి కుదిరినది గాని మనసు కుదురలేదు. అంతట ఐర్లండు దేశపు అలంకృత పత్రములును, మొగలాయి ఫక్కి సూక్ష్మచిత్రములును ఆయన కంటబడెను. చిన్న కాగితముపై సన్నని రేఖతో ఎంత భావమును నిలుపవచ్చునో గ్రహించి, 1890 తరువాతి దశాబ్దమున రాధాకృష్ణ చిత్రమాలను రచించెను. 1896లో కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాల కధ్యక్షుడై వచ్చిన హావెలు దొర, మొగలు చిత్రముల మర్మములను చూపి ఆయనను ప్రోత్సహించెను.

అయినను మొగలు చిత్రములలో నైపుణ్యమున్నంతగా భావము లేదని అవనీంద్రునికి లోపల నొక కొరత యుండెను. ప్లేగువ్యాధిచే చిన్నకూతురు మరణింపగా, ఆ దుఃఖమునంతయు షాజహాను అంత్యకాల చిత్రమున నింపెను. అది తైలవర్ణ చిత్రము. ఆ వేదనకు తగిన నీటిరంగుల మార్గము పిమ్మట జపానునుండి లభించెను.

1902లో ఒకాకురా కలకత్తాకు వచ్చెను. మరుసటి యేడు ఆయన శిష్యులగు తైకన్, షున్సోలు వచ్చిరి. తైకన్ తడికుంచెతో కాగితమును మెత్తగా తడుపుచు రంగు వేయుట అవనీంద్రుడు చూచెను. అంతటితో ఆగక, తాను కాగితమునంతటిని నీట ముంచెను. రంగు పూసి, ఆరనిచ్చి, నీట ముంచి, మరల పూయుట ఆయన పద్ధతి. పైరంగు కొంత నీటిలో కరగిపోవును. తక్కినది కాగితపు పీచులోనికి ఇంకును. ఇట్లు పలుమారులు చేయగా బొమ్మ మంచుతెరలో వలె మృదువుగ కనుపట్టును. ఓర్పులేనివాని చేతిలో ఈ పద్ధతి బురదయగును.

1905లో వంగదేశమును విభజించినప్పుడు ఈ తేలికరంగులతోనే ఆయన భారతమాతను చిత్రించెను. కాషాయాంబరధారిణియగు ఆ తల్లి నాలుగు చేతులలో పుస్తకము, వరికంకులు, జపమాల, తెల్లని వస్త్రము గలవు, ఆయుధము లేదు. విద్య, అన్నము, ధర్మము, వస్త్రము అనునవియే జాతికి కావలసినవని ఆ చిత్రము తెలుపుచున్నది.

ఆయన శిష్యులలో నందలాల్ బోసు అగ్రగణ్యుడు. మరియొక శిష్యుడు దేవీప్రసాద రాయచౌధురి మద్రాసు చిత్రకళాశాల కధ్యక్షుడయ్యెను. వంగ సంప్రదాయమునకు చెందిన ప్రమోదకుమార చటర్జీ బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో బోధింపగా, మన అడివి బాపిరాజు ఆయనకు శిష్యుడయ్యెను.

అనుకరించినవారి చేతులలో ఆ మంచుతెర వట్టి అలవాటుగా మారినదను విమర్శ నిజమే. కాని గురువు అక్కడ నిలువలేదు. 1930లో అరేబియా రాత్రుల కథలను తన కలకత్తా వీథుల నడుమ నిలిపి కొత్త చిత్రములు వ్రాసెను. వార్ధక్యమున కట్టెముక్కలతో బొమ్మలు కూర్చెను. 1951 డిసెంబరు 5వ తేదీన పరమపదించెను.

ఐరోపాయొద్ద నేర్చి, జపానుయొద్ద గ్రహించి, మొగలులకు ఋణపడియు ఆయన ఎవరికిని బానిస కాలేదు. తీసికొన్న దానిని తన బాధతో, తన ఓర్పుతో తనదిగా చేసికొనెను. స్వదేశి వ్రతమును పాటింపగోరు కళాకారులు ఆయనయొద్ద నేర్వవలసిన పాఠమిదియే.