ఘాటుకు అంకె ఇచ్చిన స్కోవిల్

గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు రాగానే వ్యాపారులు కాయ తీసి రంగు చూస్తారు, చేత్తో నొక్కి తేమ చూస్తారు. మరి ఘాటు? తేజ రకం సన్నం కంటే ఎక్కువ మండుతుందని మన రైతులకు తెలుసు. విదేశాల్లో కొనే కంపెనీకి మాత్రం బాగా ఘాటు అంటే సరిపోదు, అంకె కావాలి. ఆ అంకెను స్కోవిల్ యూనిట్లలో చెబుతారు. స్కోవిల్ అన్నది ఓ ఫార్మసిస్టు పేరు.

విల్బర్ స్కోవిల్ 1865లో అమెరికాలోని బ్రిడ్జిపోర్టులో పుట్టారు. మసాచుసెట్స్ ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెప్పారు. మందుల తయారీపై 1895లో పుస్తకం రాశారు. తర్వాత డెట్రాయిట్‌లోని పార్క్-డేవిస్ మందుల కంపెనీలో చేరారు. అక్కడే అసలు సమస్య ఎదురైంది. ఒంటినొప్పులకు రాసే మందుల్లో మిర్చి సారం వాడేవారు. మిర్చి ఘాటేమో అన్నిసార్లూ ఒకేలా ఉండదు. ఎక్కువైతే చర్మం మండిపోతుంది, తక్కువైతే మందు పనిచేయదు. ఘాటును కచ్చితంగా పట్టే యంత్రాలు అప్పట్లో లేవు.

దాంతో ఆయన నాలుకనే నమ్ముకున్నారు. 1912లో ఓ పద్ధతి రూపొందించారు. ఎండుమిర్చిని ఆల్కహాల్‌లో నానబెట్టి సారం తీశారు. దాన్ని పంచదార నీళ్లతో పలుచన చేస్తూ కొందరితో రుచి చూపించారు. మంట తెలిసీ తెలియనట్టు అయ్యేసరికి ఎన్ని రెట్లు పలుచన చేశారో అదే ఘాటు లెక్క. గుంటూరు సన్నానికి సాధారణంగా 35,000 నుంచి 40,000 యూనిట్లని చెబుతారు. కూరల్లో వేసుకునే క్యాప్సికంకు సున్నా.

వైన్‌ను రుచి చూసి మార్కులు వేసేవాళ్లకు ఉండే ఇబ్బందే ఇక్కడా ఉంది. నాలుక నాలుకకూ తేడా, పైగా వరుసగా రుచి చూస్తే నాలుక మొద్దుబారుతుంది. అందుకే స్కోవిల్ ఒక్కరి తీర్పుతో సరిపెట్టుకోలేదు. ఇప్పుడు ల్యాబుల్లో హెచ్‌పీఎల్‌సీ యంత్రం మంటకు కారణమైన క్యాప్సైసిన్‌ను నేరుగా కొలుస్తోంది. అయినా ఫలితాన్ని స్కోవిల్ యూనిట్లలోకి మార్చి చెప్పడం మానలేదు. 1929లో ఆయన ఫార్మసీ రంగంలో పేరున్న రెమింగ్టన్ పతకం అందుకున్నారు. 1942లో కన్నుమూశారు.

ఈ పని మనకు దూరంగా ఏమీ లేదు. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, బాపట్లలో ఫుడ్ టెక్నాలజీ కాలేజీ ఉంది. కెమిస్ట్రీ, ఫార్మసీ, ఫుడ్ టెక్నాలజీ చదివేవాళ్లు క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగాల మీద ఓ కన్నేయొచ్చు. మిగతావాళ్లకూ స్కోవిల్ దగ్గర నేర్చుకునేది ఉంది. రెజ్యూమెలో కోడింగ్ బాగా వచ్చు అని రాయడం, మిర్చి బాగా ఘాటు అని చెప్పడం లాంటిదే. ఏం చేశారో, ఎంత చేశారో, ఎలా కొలిచారో రాయండి. ఎదుటివాళ్లు మిమ్మల్ని బేరీజు వేయగలిగేది అప్పుడే.