తుపాకీ లెక్క, ఉంగరం లెక్క: సలీం అలీ, భరత్‌పూర్

1938 నవంబరు 12న భరత్‌పూర్ సంస్థానంలోని చిత్తడి నేలల్లో వైస్రాయ్ లిన్‌లిత్‌గో బృందం ఒక్కరోజులో 4,273 పక్షులను కాల్చింది. ఘనకార్యంగా ఆ లెక్కను రాతి మీద చెక్కించారు. సరిగ్గా ఆ రోజే సలీం అలీకి 42 ఏళ్లు నిండాయి. తర్వాతి రోజుల్లో ఆ మడుగులను పక్షులకు మిగిల్చినవారిలో ఆయనే ముఖ్యుడు.

నిజానికి ఆయనా తుపాకీతోనే మొదలుపెట్టారు. 1896లో బొంబాయిలో పుట్టిన సలీం అలీ పసితనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకుని మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ ఇంట్లో పెరిగారు. ఎయిర్‌గన్‌తో కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించడంతో, అదేమిటో తెలుసుకోవడానికి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ గడప తొక్కారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ పక్షి పేరు చెప్పడంతో ఆగకుండా, సొసైటీ దాచిన నమూనాలన్నీ చూపించారు. ఆ కుర్రాడి దారి అక్కడే మళ్లింది.

బర్మాలో కుటుంబ వ్యాపారం కలిసిరాలేదు. జర్మనీలో స్ట్రెస్‌మాన్ దగ్గర శిక్షణ పొంది 1930లో తిరిగొచ్చేసరికి మ్యూజియంలో ఉద్యోగం లేదు. కిహిమ్ అనే సముద్రతీర గ్రామంలో కాపురం పెట్టి, గిజిగాళ్లను నెలల తరబడి గమనించారు. మగపక్షి గూడు సగం అల్లాక ఆడపక్షి వచ్చి చూసి ఒప్పుకుంటుందనీ, ఆ తర్వాత మగది మరో గూటికి పూనుకుంటుందనీ తేల్చారు. దారి ఖర్చులిస్తే చాలు, జీతం అక్కర్లేదంటూ సంస్థానాలలో పక్షుల సర్వేలకు దిగారు. తొలి సర్వే నిజాం హైదరాబాద్‌లోనే. అడవుల్లో గుడారాల బతుకును భార్య తెహ్మీనా కూడా పంచుకున్నారు. 1939లో ఆమె మరణించాక ఆయన మళ్లీ పెళ్లి చేసుకోలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక భరత్‌పూర్‌కు కొత్త చిక్కొచ్చింది. మడుగులు ఎండగట్టి ఆ భూమిని సాగుకివ్వాలని చుట్టుపక్కల రైతులు కోరారు. తిండిగింజల కరువున్న రోజుల్లో అది కాదనలేని కోరికే. సలీం అలీ నెహ్రూ దాకా వెళ్లి మాట్లాడి ఆ నేలను కాపాడారు.

1959లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తోడ్పాటుతో సొసైటీ వలస పక్షుల అధ్యయనం మొదలుపెట్టింది. వలస పక్షులు ఉత్తరాది నుంచి రోగకారక వైరస్‌లను మోసుకొస్తున్నాయా అన్నది తేల్చాల్సిన ప్రశ్న. బీహార్‌లో తరతరాలుగా పక్షులు పట్టే మీర్‌షికార్ల నేర్పును సలీం అలీ ఈ పనికి వాడుకున్నారు. వాళ్లు వల వేసి పట్టిన బాతుల కాళ్లకు ఉంగరాలు తొడిగి వదిలేవారు. ఆ ఉంగరాలు సోవియట్ నేల మీద దొరికినప్పుడు, శీతాకాలపు అతిథుల ఊరేదో తెలిసింది. 4,273 పక్షుల లెక్క ఒక్కరోజులో ముగిసింది. ఉంగరాల లెక్క మాత్రం ఏళ్ల తరబడి కొత్త సంగతులు చెబుతూనే ఉంది.

1982లో భరత్‌పూర్ జాతీయ ఉద్యానమైంది. సలీం అలీ లాంటి నిపుణుల మద్దతుతోనే ప్రభుత్వం అక్కడ పశువుల మేతను నిషేధించింది. బర్రెలే ఆధారమైన గ్రామస్తులు తిరగబడ్డారు. పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి.

ఆ దశాబ్దమంతా అక్కడ పరిశోధన సాగించిన సొసైటీ శాస్త్రవేత్తలు చివరికి తేల్చింది వేరు. బర్రెలు మేయకపోవడంతో గడ్డి మడుగుల్ని కమ్మేసింది. బాతులు ఈదే నీటి జాగా కుంచించుకుపోయింది. పక్షులకు శత్రువులనుకున్న బర్రెలే వాటికి చోటు చేసిపెడుతున్నాయి. తమ పెద్దాయన సమర్థించిన నిర్ణయం తప్పని చెప్పడానికి ఆ సంస్థ వెనకాడలేదు.

సలీం అలీ 1987 జూన్ 20న కన్నుమూశారు. డిల్లాన్ రిప్లీతో కలిసి రాసిన పది సంపుటాల పక్షుల గ్రంథం, పద్మ విభూషణ్, రాజ్యసభ సభ్యత్వం ఆయన ఘనతను చెబుతాయి. ఊహను నమ్ముకోవద్దు, ఏళ్ల తరబడి చూసి లెక్కకట్టి మాట్లాడాలన్నది మాత్రం ఆయన నేర్పిన పాఠం. మేత విషయంలో ఆయన మాటను సరిదిద్దింది కూడా ఆ పాఠమే.