అఘోరనాథ చట్టోపాధ్యాయుల గృహజీవనము



నేను మేడ్చలుప్రాంతమున న్యాయవాదవృత్తి నడపుచున్నవాడను. వర్ణాంతరవివాహము చేసికొనగోరిన యువతీయువకు లప్పుడప్పుడు నాయొద్దకు వచ్చుచుందురు. చట్టమేమి చెప్పుచున్నదో వారికి దెలుపుట సులభమే. ఇంటియొద్ద తండ్రి యేమనునో యని వారు పడు భయమును దీర్చుటకు మాత్రము చట్టము చాలదు. అట్టివారిని శామీరుపేట చెరువుగట్టునకు దోడ్కొనిపోయి, చెట్టునీడ గూర్చుండబెట్టి, ఒక తండ్రి చరిత్రము చెప్పుచుందును. దానినే యిక్కడ సంగ్రహముగా వ్రాయుచున్నాను.

పందొమ్మిదవ శతాబ్దియొక్క నడిమికాలమున, నేడు బంగ్లాదేశమునందు జేరియున్న విక్రమపురప్రాంతమున, బ్రాహ్మణకుటుంబమున అఘోరనాథుడు జన్మించెను. యౌవనముననే కేశవచంద్రసేనుని బోధలచే నాకర్షింపబడి బ్రహ్మసమాజమున జేరెను. గిల్‌క్రైస్టు విద్యార్థివేతనము పొంది, స్కాట్లండునకు బోయి, ఎడింబరో విశ్వవిద్యాలయమున విజ్ఞానశాస్త్రమునందు డాక్టరుపట్టమును సంపాదించెను. ఆ కాలమున ఆయన భార్య వరదసుందరీదేవి కేశవచంద్రుని భారతాశ్రమమున వసించి విద్య నేర్చుకొనెను. భర్త సముద్రము దాటి చదువుచుండగా భార్యయు నిక్కడ చదువుకొనుట ఆనాటి గృహములలో నరుదు.

1878వ సంవత్సరమున అఘోరనాథుడు హైదరాబాదునకు వచ్చెను. ఆయన నెలకొల్పిన ఆంగ్లపాఠశాలయే క్రమముగా బెరిగి కళాశాలయై, 1887లో నిజాముకళాశాల యేర్పడుటకు మూలమయ్యెను. బ్రిటిషు ఇండియాలో 1872లో బుట్టిన ప్రత్యేకవివాహచట్టము నిజాము రాజ్యమునందును అమలులోనికి వచ్చుటకు ఆయన పాటుపడెను. చాందా రైలుమార్గపు ఒప్పందమును ప్రజలయెదుట విచారింపవలెనని పట్టుబట్టినందున 1883లో రాజ్యమునుండి వెడలగొట్టబడెను. కొంతకాలమునకు మరల రప్పింపబడెను. ప్రభుత్వముతో నింత గట్టిగా నిలిచిన యీ మనుష్యుడు ఇంటియందు మిక్కిలి మృదుస్వభావుడు.

ఆయనకు సంతానము ఎనమండ్రు. వారిలో సరోజిని పెద్దది; హరీంద్రనాథుడు, సుహాసిని, విప్లవకారుడైన వీరేంద్రనాథుడు లోకమున బేరెన్నికగన్నవారు. తండ్రి తోటయే ఆ యింటికి సభామంటపము. దినదినమును ఆ చెట్లక్రింద పండితులు, సాధువులు, జమీందారులు, బిచ్చగాండ్రు, చెడ్డపేరు మోసినవారు సైతము గూడుచుండిరి. మతమేదని గాని కులమేదని గాని యడుగక అందరిని ఆయన యొక్కరీతిగనే యాదరించెను. పెద్ద గడ్డము, అంతకంటె పెద్ద నవ్వు ఆయన గురుతులు. సంపాదించిన ధనము రెండింటికి వ్యయమయ్యెడిది: ఒకటి పరులకు సాయపడుట, రెండవది లోహములను బంగారముగా మార్చు రసవాదము. బంగారము దొరకలేదు. ప్రకృతియొక్క రహస్యమును దెలిసికొనవలెనను దాహము మాత్రము ఆయనకు దుదివరకు దీరలేదు.

అట్టివాడును ఒకప్పుడు కఠినుడయ్యెను. సరోజిని తొమ్మిదేండ్ల ప్రాయమున ఆంగ్లము మాటలాడనని మొండికెత్తగా, ఆమెనొక గదిలో పగలంతయు నొంటరిగా బంధించెను. ఆమె యెఱిగిన దండన యదియొక్కటే. ఆమె గణితశాస్త్రజ్ఞురాలో విజ్ఞానవేత్తయో కావలెనని ఆయన కోరిక. పదునొకండవయేట బీజగణితపు లెక్క తెగక కూర్చున్న ఆ బాలికకు లెక్కకు బదులుగా పద్యము దట్టెను. నాటినుండి ఆమె కవిత్వమే వ్రాసెను. పండ్రెండవయేట మద్రాసు మెట్రిక్యులేషను పరీక్షయందు గృతార్థురాలయ్యెను.

అంతకంటె గొప్ప పరీక్ష తరువాత వచ్చెను. సరోజిని వైద్యుడైన గోవిందరాజులు నాయుడుగారిని బ్రేమించెను. ఆయన తెలుగువాడు, బ్రాహ్మణేతరుడు. ఇరుకుటుంబములును వ్యతిరేకించెను. 1895లో పదునాఱేండ్ల యువతిని, ఆమె యిష్టమునకు విరుద్ధముగా, నిజాము విద్యార్థివేతనముతో ఇంగ్లండునకు బంపిరి. తోటలో నందఱిని సమానముగా గూర్చుండబెట్టిన ఆ గృహమునందే, కుమార్తె వివాహమునాటికి వర్ణము అడ్డువచ్చెను. ఈ లోపమును నేను దాచను. సంస్కర్తకు తన గడపయే కడపటి పరీక్ష. సభలో బలికినమాట నింటిలో నిలుపుకొనుట సభలో బలుకుటకంటె వేయిరెట్లు కష్టము.

మూడేండ్లు గడచినను కన్యమనస్సు మాఱలేదు. పెద్దలమనస్సే మాఱెను. 1898 సెప్టెంబరులో ఆమె తిరిగివచ్చెను. డిసెంబరు 2వ తేదిన మద్రాసునగరమున, 1872నాటి చట్టప్రకారము, కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆ వివాహమును జరిపించిరి. దేశమున గొప్ప కలకలము పుట్టెను. ఇరుకుటుంబములు సమ్మతించిన పిదప ఆ కలకలము దంపతులనేమియు జేయజాలకపోయెను.

ఆనాటి చట్టముక్రింద వివాహమాడువారు తాము హిందూ, మహమ్మదీయ, క్రైస్తవాది మతములవారము కామని వ్రాసియియ్యవలసియుండెను. 1954నాటి చట్టము ఆ నిర్బంధమును దొలగించెను. నేడు వధూవరులు తమ మతమును విడువనక్కఱలేదు. ముప్పదిదినముల ప్రకటన మాత్రము నిలిచియున్నది. నాయొద్దకు వచ్చువారు భయపడునది ఆ ముప్పదిదినములకే. కార్యాలయపు గోడమీది కాగితము తండ్రి చెవినిబడునేమో యని.

అఘోరనాథుని చివరిదినములు కలకత్తాలో గడచెను. కుమారుడు వీరేంద్రనాథుడు విదేశములలో ప్రవాసిగానుండి స్వదేశమునకు మరలిరాలేదు. ఆ కుమారుని ముఖము మరల జూడకయే 1915 జనవరి 28వ తేదిన అఘోరనాథుడు దివంగతుడయ్యెను. హైదరాబాదులోని ఆయన గృహము, కుమార్తెయొక్క తొలి కావ్యసంపుటి పేర గోల్డెన్ త్రెషోల్డు, అనగా స్వర్ణద్వారమని ప్రసిద్ధికెక్కి, 1974లో స్థాపితమైన హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు దొలి నెలవయ్యెను. తండ్రి పాఠశాలతో నారంభించిన పని ఆ గడపయందే మరల విద్యారూపమున జిగిర్చెను.

ఈ చరిత్రము ముగిసినపిమ్మట చెరువుగట్టున గూర్చున్నవారు సాధారణముగా నొక్కప్రశ్న వేయుదురు: మా తండ్రి మూడేండ్లకైనను మాఱునా? దానికి నాయొద్ద నుత్తరము లేదు. కావున వారి ప్రశ్నను తండ్రులకే యప్పగించుచున్నాను. అఘోరనాథునివంటి విద్వాంసుడే తడబడెను గనుక తడబడుట మహాపరాధము కాదు. బిడ్డలు చెట్లవంటివారు, నీరుపోయువాడు కొమ్మ యేదిక్కునకు బోవలెనో శాసింపజాలడు. తడబడిన తండ్రి తిరిగి లేచి, బిడ్డను దగ్గఱకు దీసికొనుటలో మూడేండ్లు వ్యర్థపుచ్చక, మూడుదినములలోనే చేయుగాక యని నా ప్రార్థన.