వంపుకు లెక్క కట్టిన ఇంజనీరు – పియర్ బెజియే

డ్రాయింగ్ క్లాసులో ఫ్రెంచి కర్వుతో తంటాలు పడని మెకానికల్ విద్యార్థి మన కాలేజీలో ఉండడనుకుంటాను. మూడు బిందువులకు చక్కగా కుదిరిన అంచు నాలుగో బిందువు దగ్గర మొరాయిస్తుంది. చివరికి చేత్తోనే గీసేసి షీటు ఇచ్చేస్తాం. మన మార్కులకు అది చాలునేమో గాని కారు బానెట్‌కు చాలదు. ఆ చిక్కు విప్పిన వారిలో ముఖ్యుడు పియర్ బెజియే. ఈనాడు కంప్యూటర్ మీద వంపు గీసే ప్రతివాడూ, తెలిసో తెలియకో, ఆయన పేరు మీదున్న రేఖనే గీస్తున్నాడు.

బెజియే 1910 సెప్టెంబరు 1న పారిస్‌లో జన్మించాడు. తండ్రి, తాత ఇద్దరూ ఇంజనీర్లే. 1930లో మెకానికల్ పట్టా, మరుసటి ఏడు ఎలక్ట్రికల్ పట్టా పుచ్చుకొని, 1933లో రెనో కార్ల కంపెనీలో చేరాడు. 1975 దాకా, అంటే 42 ఏళ్ళు, అదే కంపెనీ. మెషీన్లకు పనిముట్లు బిగించే ఉద్యోగంతో మొదలుపెట్టి, 1945 నాటికి పనిముట్ల డిజైన్ ఆఫీసుకు అధిపతి అయ్యాడు. యుద్ధానంతరం రెనో తెచ్చిన చిన్న కారు ‘4సీవీ’ భాగాలను ఒక మెషీన్ నుంచి మరో మెషీన్‌కు వాటంతటవే జరిగిపోయేలా తయారుచేసే లైన్లు ఆయన ఆధ్వర్యంలో వచ్చినవే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆయన నల్లబల్ల దగ్గర పెరిగిన గణితవేత్త కాదు, వర్క్‌షాపు మనిషి.

ఆ రోజుల్లో కారు బాడీ తయారయ్యే తీరు చూడండి. స్టైలిస్టు ఒక నమూనా చేస్తాడు. డ్రాఫ్ట్స్‌మన్లు దాన్ని పూర్తి సైజులో గీస్తారు. గీసిన దాన్ని బట్టి టెంప్లేట్లు, టెంప్లేట్లను బట్టి మాస్టర్ మోడల్, దాన్ని చూసి ప్రెస్సు డైలు. చేయి మారినప్పుడల్లా వంపు కాస్త మారుతుంది. తీరా రేకు బయటికొచ్చాక, ఇది నేను చేసిన ఆకారం కాదు మొర్రో అని స్టైలిస్టు అంటే, తప్పు ఎవరిదో తేలదు. అన్ని వాదాలకూ మాస్టర్ మోడలే తీర్పు, కాని అది కూడా మనిషి చేసిందే కదా!

1960లో, యాభయ్యో ఏట, బెజియే దీని మీద పడ్డాడు. ఆకారాన్ని అంకెల్లో నిర్వచిస్తే అందరికీ అదే ఆధారమవుతుంది, మారదు. కాని ఆ అంకెలు గణితం అంతగా రాని డ్రాఫ్ట్స్‌మన్‌కు కూడా పట్టుబడాలి. మొదట ఒక పెట్టెలో రెండు స్తూపాలు ఖండించుకునే చోట ఏర్పడే వంపును తీసుకొని, పెట్టెను సాగదీస్తే వంపు కూడా సాగుతుందని చూశాడు. తరువాత దాన్ని బహుపదులలోకి మార్చాడు.

ఫలితం ఎంత సులువో మీరే స్కేలుతో చేసి చూడండి. గ్రాఫు కాగితం మీద (0,0), (0,8), (8,8), (8,0) అనే నాలుగు బిందువులు వరసగా కలపండి. మూడు గీతల మధ్య బిందువులు (0,4), (4,8), (8,4). వాటిని కలిపి మళ్ళీ మధ్య బిందువులు తీస్తే (2,6), (6,6). ఆ రెంటి నడుమ (4,6). వంపు సరిగ్గా అక్కడినుంచే పోతుంది. సగానికి బదులు మూడో వంతు, నాలుగో వంతు తీసుకుంటే మిగతా బిందువులు వస్తాయి. వంపు మొదటి బిందువు దగ్గర మొదటి గీతను ఒరుసుకుంటూ బయలుదేరి, చివరి గీతను ఒరుసుకుంటూ ముగుస్తుంది. నడిమి రెండు బిందువులను తాకనైనా తాకదు, అయినా అవి లాగినట్టల్లా వంగుతుంది. నాలుగుకు బదులు పదహారు బిందువుల వల పన్నితే రేకు వంటి ఉపరితలం వస్తుంది. ఒక లోపం మాత్రం ఉంది. ఒక్క బిందువు కదిలిస్తే వంపంతా ఎంతో కొంత కదులుతుంది. బి-స్ప్లైన్లు ఆ ఇబ్బందిని తీర్చాయి.

రెనోలో దీనికి హారతులేమీ పట్టలేదు. అంత మంచి పద్ధతే అయితే అమెరికా వాళ్ళే ముందు కనిపెట్టి ఉండేవారు కదా అని పై అధికారి ఒకాయన తీసిపారేశాడట. మనకు బాగా తెలిసిన జబ్బే ఇది! అయినా ‘యూనిసర్ఫ్’ అనే పేరుతో ఆ పద్ధతి 1968 నాటికి నిలదొక్కుకుంది. పూర్తి సైజులో గీసే యంత్రం, మెత్తటి పదార్థంలో ఆకారాన్ని చెక్కే మిల్లింగ్ మెషీన్, రెంటికీ అవే అంకెలు.

1968 నుంచి 1979 దాకా ఆయన పారిస్‌లో ఆచార్యుడిగా పాఠాలు చెప్పాడు. రిటైరైన రెండేళ్ళకు, 1977లో, గణితంలో డాక్టరేటు పుచ్చుకున్నాడు. 1985లో కంప్యూటర్ గ్రాఫిక్స్ రంగంలో పెద్దదైన కూన్స్ బహుమతి వచ్చింది. 1999 నవంబరు 25న మరణించాడు. ఆయన వంపు కార్లతో ఆగలేదు. కంప్యూటర్ ఫాంటులో మన తలకట్టు, సున్న, కొమ్ము అన్నీ ఈ రేఖల ముక్కలే. అందుకే ఎంత పెద్దవి చేసినా అంచులు మెట్లు మెట్లుగా విరగవు.

ఒక్క విషయంలో మాత్రం నా మనసు కుదుటపడదు. పైన స్కేలుతో చేసిన మధ్య బిందువుల పద్ధతి బెజియేది కాదు. సిట్రోయెన్ కంపెనీలో 1958లో చేరిన పాల్ ద కాస్తెల్జో అనే గణితజ్ఞుడు 1959లోనే దాన్ని కనిపెట్టాడు. కంపెనీ దాన్ని వ్యాపార రహస్యమంటూ బీరువాలో పెట్టింది. ఆయన రిపోర్టులు బయటి పరిశోధకుల కంటబడేసరికి 1970ల నడిమి కాలం వచ్చింది, రేఖకు పేరు స్థిరపడిపోయింది. బెజియే ఎవరిదీ తీసుకోలేదు, తన దారిన తాను చేరుకున్నాడు, చేరినదాన్ని నలుగురికీ చెప్పాడు. అపచారం జరిగిందంటే అది ఆ బీరువా వల్లనే అని నా ఉద్దేశం. 2012లో కాస్తెల్జోకు ఈ రంగంలో ఒక బహుమతి ఇచ్చారు. ఆ బహుమతి పేరు పియర్ బెజియే అవార్డు.