కీర్తిశేషులు యల్లాప్రగడ సుబ్బారావుగారు

తినిన అన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు ఎముకలగూడై కృశించు వ్యాధి సంగ్రహణి. ఆంగ్లవైద్యులు దీనిని స్ప్రూ అందురు. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిన సుబ్బారావుగారి సోదరులిద్దఱు కొద్దిదినముల వ్యవధిలో దీనిచేతనే గతించిరి. తామును దానిపాలబడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సచే బ్రదికిరి.

వీరు మూడవ ప్రయత్నమునగాని మెట్రిక్యులేషను గట్టెక్కలేదు. బడిపంతులుగా జీవితము గడపినవాడను గనుక ఈ సంగతి నొక్కి వ్రాయుచున్నాను. మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆంగ్లేయాచార్యుని యాగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెను.

1922లో అమెరికా ప్రయాణమునకు మామగారు ధనము సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధివారు సాయము చేయుదుమని మాట యిచ్చిరి. ఆ నిధిస్థాపకులు మన కులమువారు కారు. సభకు విచ్చేసిన దాతలు దీనిని గమనింపగోరెదను. బోస్టనులో సుబ్బారావుగారు రాత్రులు ఆసుపత్రిలో కూలిపని చేయుచు విద్య సాగించిరి. రక్తమునందలి భాస్వరమును కొలుచు పద్ధతిని ఫిస్కెగారితో కలిసి 1925లో ప్రకటించిరి. 1940లో లెడర్లీ ఔషధసంస్థలో చేరిరి.

బొంబాయి మిల్లులలో పనిచేయు పేద గర్భిణుల రక్తహీనత ఈస్టుసారముతో నయమగునని లూసీ విల్స్ అను వైద్యురాలు 1931లో ప్రకటించెను. అందు పనిచేయు వస్తువేదో అప్పటికి తెలియదు. 1941లో అమెరికాలో కొందఱు పాలకూరనుండి ఒక ద్రవ్యమును తీసి ఫోలిక్ ఆమ్లమనిరి. లాటినుభాషలో ఫోలియమనగా పత్రము. టన్నులకొలది ఆకునుండి చిటికెడు లభించు వస్తువు బీదలకెట్లు అందును? సుబ్బారావుగారి బృందము 1945లో దానిని ప్రయోగశాలయందే కూర్చి, మాత్రలుగా చేయుటకు వీలు కల్పించెను. 1947లో బోదకాలు వ్యాధికి డైఇథైల్ కార్బమజీను వెలువడెను. 1948లో వీరి పర్యవేక్షణలోనే డగ్గరుగారు టెట్రాసైక్లినుజాతిలో మొదటిదగు ఆరియోమైసినును లోకమునకు ప్రకటించిరి. నేడు సంగ్రహణికి వైద్యులిచ్చునవి ఫోలిక్ ఆమ్లము, టెట్రాసైక్లిను.

స్వదేశమున విడిచివచ్చిన భార్యను వీరు మరల చూడలేదు. ఇది కప్పిపుచ్చదగిన సంగతి కాదు. ఆ ఇల్లాలి త్యాగము ఏ సన్మానపత్రమునను కానరాదు. 1948 ఆగస్టులో, ఏబదిమూడేండ్ల వయసున, న్యూయార్కు రాష్ట్రమున సుబ్బారావుగారు కాలధర్మము నొందిరి. గర్భిణులకు ఇనుముతో కూడిన ఫోలిక్ ఆమ్లపు మాత్రలను మన దేశప్రభుత్వము 1970 నుండి ఉచితముగా పంచుచున్నది. భీమవరపు తల్లులును వానిని మ్రింగుచున్నారు.